సాలీడు పట్టు ప్రోటీన్: జెల్ మీద మెట్లు మెట్లుగా వస్తోంది, తప్పెక్కడ?

గూడు_అల్లేది
ఎమ్మెస్సీ బయోటెక్ ఆఖరి సంవత్సరం, గుంటూరు. నా ప్రాజెక్టు సాలీడు పట్టు ప్రోటీన్‌ని ఈ-కోలై బ్యాక్టీరియాలో తయారు చేయడం. సాలీడు పైనుంచి కిందికి జారేటప్పుడు వదిలే దారం ఉంటుంది కదా, డ్రాగ్‌లైన్ అంటారు. ఆ ప్రోటీన్‌లో పదేపదే వచ్చే ముక్కని 32 సార్లు వరసగా పేర్చి జీన్ చేయించుకున్నాం. రావాల్సిన సైజు దాదాపు 100 కిలోడాల్టన్లు (ప్రోటీన్ అణువు బరువు కొలత). ప్రోటీన్లని సైజు వారీగా విడదీసే జెల్ మీద వస్తున్నదేమో 30 దగ్గర ఒక గీత, 45 దగ్గర ఇంకోటి, 60 దగ్గర మరోటి. పానకాలస్వామి కొండ మెట్లలా ఉంది జెల్. 100 దగ్గర ఉందనుకుంటే ఉంది, లేదనుకుంటే లేదు. పైగా ప్రోటీన్ తయారీ మొదలుపెట్టించే ఐపీటీజీ వేసిన గంటకల్లా బ్యాక్టీరియా పెరగడం ఆగిపోతోంది.

పదకొండు సార్లు చేశాను. "టాపిక్ మార్చుకోమ్మా, టైమ్ లేదు" అంటున్నారు గైడ్ గారు. సబ్మిషన్‌కి ఏడు వారాలే ఉంది. నాకు మార్చడం ఇష్టం లేదు. మా అమ్మమ్మ వాళ్ళ పెంకుటింట్లో పొద్దున చీపురుతో దులిపిన గూడు మర్నాటికి మళ్ళీ అదే మూలలో ఉండేది. అప్పటినుంచీ నా మనసు దీనిమీదే ఉంది. ఇలాంటి రిపీట్ ప్రోటీన్ చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

బెంజిసర్కిల్_బాలు
ఉక్కు కన్నా అయిదు రెట్లు గట్టి అంటారే, అదేనా? అదొస్తే ప్రకాశం బ్యారేజీ గేట్లకి తాళ్ళు మార్చెయ్యొచ్చు.

ప్రోటీన్_పద్మజ
చేశాను. సాలీడుది కాదు, ఎలాస్టిన్ తరహా రిపీట్ ప్రోటీన్. బాధ మాత్రం ఇదే. కొన్ని ప్రశ్నలు:

ప్రోటీన్‌ని వడపోసే కాలమ్‌కి అంటుకునేలా పెట్టే చిన్న తోక, అదే హిస్ ట్యాగ్, ఏ కొసన పెట్టావు? మొదట్లోనా, చివర్లోనా?
జీన్ కంపెనీ వాళ్ళు పంపినప్పుడు సరిచూశారు సరే, ఆ తర్వాత నీ దగ్గరున్న ప్లాస్మిడ్‌ని (ఆ జీన్‌ని మోసే డీఎన్ఏ చుట్టని) ఎప్పుడైనా ఎంజైముతో కోసి చూశావా?
జెల్‌కి ఏ రంగు వేస్తున్నావు?

గూడు_అల్లేది
ట్యాగ్ మొదట్లో ఉంది అక్కా. ప్లాస్మిడ్ మొదటిసారి తప్ప మళ్ళీ చూడలేదు. రంగు కూమాసీ.

ప్రోటీన్_పద్మజ
అయితే మూడు చోట్ల జారుతోంది నీకు. ఒక్కొక్కటీ చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

రంగు సంగతి ముందు. కూమాసీ ముఖ్యంగా ఆర్జినీన్, లైసీన్ ఉన్నచోట పట్టుకుంటుంది. సాలీడు పట్టులో నిండా ఉండేవి గ్లైసీన్, అలనీన్. రంగుకి పట్టు దొరకదు. అందుకని నీ 100 గీత ఉండి కూడా కనిపించకపోవచ్చు. సిల్వర్ స్టెయిన్ చెయ్యి, లేదా హిస్ ట్యాగ్ యాంటీబాడీతో బ్లాట్ చెయ్యి. ప్రోటీన్ ఎంతుందో ఇదే రంగుతో కొలిచే బ్రాడ్‌ఫర్డ్ పరీక్ష కూడా ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మకు.

రెండోది మెట్లు. ఈ ప్రోటీన్‌లో నూటికి నలభై పైన గ్లైసీనే. ప్రోటీన్ అల్లే రైబోజోమ్‌కి గ్లైసీన్ మోసుకొచ్చే టీ-ఆర్ఎన్ఏలు బ్యాక్టీరియా దగ్గర ఉండేవే కొన్ని, అవి అయిపోతాయి. అరిసెల పాకం దగ్గర పిండి అందించేవాళ్ళు ఆగిపోతే ఏమవుతుంది? సగంలో చేతులెత్తెయ్యాల్సిందే. మధ్యలో వదిలేసిన ఆ ముక్కలే నీ మెట్లు. ట్యాగ్ మొదట్లో ఉంది కాబట్టి సగం ముక్కలు కూడా కాలమ్‌కి అంటుకుని నీ దగ్గరికే వస్తున్నాయి. ట్యాగ్ చివరికి మార్చు. చివరిదాకా తయారైనదానికే ట్యాగ్ ఉంటుంది, మిగతావన్నీ కడుగులో పోతాయి.

దక్షిణ కొరియాలో సాంగ్ యప్ లీ బృందం 2010లో ఈ ముడే విప్పింది. గ్లైసీన్ టీ-ఆర్ఎన్ఏ జీన్‌లు అదనంగా పెట్టి, బ్యాక్టీరియాలో గ్లైసీన్ తయారీ కూడా పెంచి 284.9 కిలోడాల్టన్ల ప్రోటీన్ తీశారు. అది సాలీడు అసలు సైజు. అందులో 96 రిపీట్లు, నీవి 32. కాబట్టి అసాధ్యం కాదు, గైడ్ గారికి ఆ పేపర్ చూపించు.

మూడోది నాకు అన్నిటికన్నా అనుమానంగా ఉన్నది. ప్రోటీన్ తీయడానికి వాడే బీఎల్21 రకం ఈ-కోలైలో రెక్-ఏ అనే డీఎన్ఏ కలిపే ప్రోటీన్ పనిచేస్తూనే ఉంటుంది. ఒకేలాంటి వరసలు పక్కపక్కన కనిపిస్తే అది వాటిని కలిపేసి మధ్యది లేపేస్తుంది. నీ ప్లాస్మిడ్‌లో ఇప్పుడు 32 రిపీట్లు ఉన్నాయో లేదో చూసుకో. ఒక్కో రిపీట్ 105 బేస్‌ల చొప్పున ముక్క 3.4 కిలోబేస్‌ల దగ్గర రావాలి.

గూడు_అల్లేది
రేపే కోస్తాను అక్కా. నా దగ్గరున్న ప్లేటు ఫ్రిజ్‌లో పెట్టి రెండు నెలలు దాటింది, దానిమీద కాలనీలే తీసి వాడుతున్నాను.

ప్రోటీన్_పద్మజ
ఆ ప్లేటు పారెయ్. ఊరికే కాదు, ఆటోక్లేవ్ చేసి.

బ్రాడీపేట_కెమిస్ట్రీ
బాలూ, "ఉక్కు కన్నా అయిదు రెట్లు" అన్నది బరువు లెక్క. 34 ఏళ్ళు పాఠం చెప్పినవాడిని, ఈ మాట సగమే చెప్తే ఊరుకోలేను. ఒకే లావున్న తీగలు రెండు తీసుకుంటే మంచి ఉక్కు 1.5 గిగాపాస్కల్ దాకా ఆగుతుంది, డ్రాగ్‌లైన్ 1.1 దగ్గర. అంటే ఉక్కుదే పైచేయి. కానీ ఉక్కు సాంద్రత 7.8, పట్టుది 1.3. ఒకే బరువు తీసుకుంటేనే ఆ నాలుగయిదు రెట్లు.

దీని అసలు గొప్ప గట్టితనం కాదు, ఓర్పు. తెగేముందు ఎంత శక్తి మింగుతుందీ అన్నది. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లలో వాడే కెవ్లార్ దీనికన్నా మూడు రెట్లు గట్టిదే, కానీ సాగదు, టక్కున పోతుంది. ఘనమీటరుకి కెవ్లార్ 50 మెగాజౌళ్ళు మింగితే డ్రాగ్‌లైన్ 160 దాకా. వేగంగా వచ్చి పడిన ఈగని గూడు ఆపగలిగేది అందుకే. అలనీన్ ముక్కలు స్ఫటికాల్లా బిగుసుకుని గట్టితనం ఇస్తాయి, వాటి మధ్య గ్లైసీన్ భాగాలు వదులుగా ఉండి సాగుతాయి.

బెంజిసర్కిల్_బాలు
మాస్టారూ, మెకానికల్ చదివి కూడా ఆ అయిదు రెట్ల మాట ఎప్పుడూ విప్పి చూడలేదు నేను. అయితే బ్యారేజీ తాళ్ళు కాదు, హెల్మెట్ లోపలి పొర, పారాచూట్ లాంటివి అన్నమాట.

మగ్గం_గుంట
మాది మంగళగిరి. మగ్గం మీద నలభై ఏళ్ళు. బయోటెక్ నాకు తెలియదు. పోగు తెలుసు.

సాలీడు అంటేనే సాలెవాడు, నేతగాడు అని. మన భాషలో ఆ పురుగుకి మా కులం పేరే పెట్టారు. శ్రీకాళహస్తి పేరులో "శ్రీ" కూడా సాలీడే. అందుకే మీ మాటలన్నీ రెండుసార్లు చదివాను. ఒక్కటి అడుగుతా. మీరు బ్యాక్టీరియాలో చేసేది దారమా, దారానికి ముందు సరుకా? పత్తి పండిస్తే బట్ట కాదుగా. వడకాలి, గంజి పెట్టాలి, పడుగు సాగదియ్యాలి. ఇక్కడ వడికేదెవరు?

ప్రోటీన్_పద్మజ
బాబాయ్ గారూ, ఈ రంగమంతా ముప్పై ఏళ్ళుగా ఆ ప్రశ్న దగ్గరే తచ్చాడుతోంది. 1990లో అమెరికాలో రాండీ లూయిస్, మింగ్ షూ కలిసి డ్రాగ్‌లైన్ జీన్ వరస కొంత బయటపెట్టారు. ఇక దారం వచ్చేసినట్టే అనుకున్నారు అందరూ. సరుకు వచ్చింది, సాలీడు దారంలాంటి దారం అంత తొందరగా రాలేదు.

సాలీడు కడుపులో ఆ ప్రోటీన్ చిక్కటి ద్రవంగా ఉంటుంది, బరువులో సగం దాకా ప్రోటీనే. అంత చిక్కగా ఉన్నా గడ్డకట్టదు. సన్నటి గొట్టంలోకి వచ్చేసరికి ఆమ్లత పెరుగుతుంది, పీహెచ్ 7.6 నుంచి 5.7కి పడిపోతుంది. అప్పుడు ప్రోటీన్ల మొదటి కొసలు రెండేసి చొప్పున జత కడతాయి. లోపలి ఉప్పు మారుతుంది. గొట్టం సన్నబడుతూ ఉంటే అణువులు ఒకే దిక్కుకి సాగుతాయి. ఆఖరికి సాలీడు వెనక కాలితో లాగుతుంది, లేదా తన బరువుతోనే దిగుతుంది. నెట్టదు, లాగుతుంది.

మగ్గం_గుంట
లాగుడులోనే ఉంటుంది పోగు పస. రాట్నం మీద కూడా అంతే. చెయ్యి వెనక్కి లాగే తీరులోనే సన్నం, లావు తేలేది.

చంద్రిక_పురుగు
మాది హిందూపురం వైపు, ఉద్యోగం బెజవాడలో. ఇంట్లో పట్టుపురుగులు పెంచినవాళ్ళం. పద్మజగారు చెప్పింది చదువుతుంటే అనిపించింది, వడికే యంత్రం దేవుడిచ్చింది పట్టుపురుగు దగ్గర ఉండగా ఈ బ్యాక్టీరియాతో కుస్తీ ఎందుకు? సాలీడు జీన్ పట్టుపురుగులో పెట్టేస్తే అదే మల్బరీ ఆకు తిని, అదే చంద్రికలో (పురుగులు గూళ్ళు కట్టే తట్టలో) గూడు కట్టి, అదే నీళ్ళలో ఉడికి వస్తుంది. ఇది చేశారు కూడా. 2012లో రెండూ కలిసిన దారం తీశారు. 2023లో చైనా వాళ్ళు జీన్‌లని కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో పురుగు జీన్ తీసేసి సాలీడుది పెట్టి 1.3 గిగాపాస్కల్ దాకా తెచ్చారు. రైతు చేతిలో పెట్టగలిగే దారి ఇది. మా జిల్లాలో మార్కెట్టుంది, రీలింగ్ తెలిసినవాళ్ళున్నారు. స్టీలు ట్యాంకుల్లో అయితే లాభమంతా ట్యాంకు ఉన్నవాడికే.

ఫెర్మెంటర్_బాబాయ్
ఇరవై ఆరేళ్ళు ట్యాంకుల దగ్గరే పనిచేశాను కాబట్టి ఈ మాటకి జవాబు చెప్పాలి. పురుగుకి జబ్బు వస్తే బ్యాచ్ మొత్తం పోతుంది, మీకు తెలియంది కాదు. ట్యాంకులో ఈ రోజు 16 రిపీట్లు, రేపు 32, ఎల్లుండి మధ్యలో ఒక అమైనో ఆమ్లం మార్చి చూడొచ్చు. పురుగులో ఒక్కో మార్పుకీ కొత్త సంతతి నిలబెట్టాలి. కోత కుట్లకి, పుండు మీద పూతకి, కీళ్ళలో పెట్టే పరికరాల పైపొరకి అలాంటి మార్పులే కావాలి. చీరకి మీ పురుగే రైటు, నేను కాదనను.

మేకల సంగతి కూడా గుర్తు చేసుకోండి. కెనడాలో నెక్సియా అనే కంపెనీ మేకపాలలో సాలీడు ప్రోటీన్ తీస్తామంది. 2002లో పాలిచ్చే జంతువుల కణాల్లో తీసిన ప్రోటీన్‌తో దారం వడికి చూపించారు. చివరికి కంపెనీ నిలబడలేదు, మేకలు మాత్రం లూయిస్ దగ్గరికి వెళ్ళాయి.

బెంజిసర్కిల్_బాలు
మేకపాలలోనా! అయితే మా వీధి మేకకి చెప్పాలి, ఇప్పుడది నా పోస్టర్లు తినడం తప్ప ఏమీ ఇవ్వట్లేదు.

చంద్రిక_పురుగు
సాలీళ్ళనే పెంచొచ్చు కదా అని మా మామయ్య అడిగారు.

ప్రోటీన్_పద్మజ
ఒకదాన్నొకటి తినేస్తాయి. మడగాస్కర్‌లో పట్టి, దారం తీసి వదిలేశారు. 12 లక్షల సాలీళ్ళ దారంతో ఒక బంగారు రంగు అంగీ నేశారు, 2012లో లండన్ మ్యూజియంలో పెట్టారు. రంగు అద్దింది కాదు, ఆ దారం రంగే అది. ఒక్క అంగీకి 12 లక్షలు.

మగ్గం_గుంట
దాన్ని నేసిన చేతులకి దణ్ణం పెట్టాలి.

ఇంకోటి అడగాలి. తడికి ఎలా ఉంటుంది? మా మగ్గం గుంటలో కూర్చుంటే కింద నేల చెమ్మగా ఉంటుంది, నూలు పోగు ఆ చెమ్మకి గట్టిపడుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం వడగాడ్పు కొడితే టపటపా తెగుతుంది, తడిగుడ్డ కప్పి నేస్తాం. పట్టు అలా కాదు, తడిస్తే నీరసపడుతుంది. మరి సాలీడు పోగు?

బ్రాడీపేట_కెమిస్ట్రీ
ముడుచుకుంటుంది! డ్రాగ్‌లైన్‌ని కట్టెయ్యకుండా నీళ్ళలో వేస్తే పొడవు సగం దాకా తగ్గిపోతుంది. సాలీడుకి అది మేలే. మంచు పడి గూడు బరువెక్కితే దారం తనంతట తాను బిగుసుకుంటుంది. బట్టకైతే ప్రమాదం. జపాన్‌లో స్పైబర్ అనే కంపెనీ 2015లో మూన్ పార్కా అనే చలికోటు నమూనా చూపించింది. ఈ ముడుచుకోవడం మూలాన ప్రోటీన్ వరసే తిరగరాసి, 2019లో 50 కోట్లు అమ్మింది.

బెంజిసర్కిల్_బాలు
50 కోట్ల రూపాయలా?

బ్రాడీపేట_కెమిస్ట్రీ
వేసుకునే కోట్లు బాబూ. యాభై.

కుట్లు_డాక్టర్
ఇందాక కోత కుట్ల మాట వచ్చింది కదా. పట్టుదారం మేం ఎప్పటినుంచో వాడుతున్నాం, ముడి చక్కగా నిలుస్తుంది. ఒళ్ళు మాత్రం దాన్ని పరాయిదానిగా చూస్తుంది. సాలీడు పట్టుమీద నాకున్న ఆశ నరాలకి సంబంధించింది. జర్మనీలో హానోవర్ వైద్యులు గొర్రె కాలి నరంలో 6 సెంటీమీటర్ల ఖాళీని సాలీడు దారాల వంతెనతో కలిపారు, నరం దానిమీదుగా పెరిగింది. అది సాలీడు నుంచి నేరుగా తీసిన దారం. ప్రమాదాల్లో చెయ్యి నుజ్జయి వచ్చే కుర్రాళ్ళని వారానికి ఇద్దరు ముగ్గురిని చూస్తాను. కాలి నుంచి నరం తీసి చేతికి వేస్తాం, అక్కడ తిమ్మిరి జీవితాంతం ఉండిపోతుంది. ఆ కోత లేకుండా చేయగలిగే దారం ఎవరు చేసినా వాళ్ళకి రుణపడి ఉంటాను. ప్రాజెక్టు మార్చకమ్మా.

గూడు_అల్లేది
పద్మజక్క చెప్పినట్టే అయింది. ప్లాస్మిడ్ కోస్తే 3.4 దగ్గర రావాల్సింది 2 దగ్గర వచ్చింది. మూడు కాలనీల్లో రెండింట్లో అంతే, మూడోదాంట్లో రెండు గీతలూ ఉన్నాయి. మూడు నెలలు నేను తప్పు జీన్‌తో పోట్లాడుతున్నాను. ల్యాబులోనే ఏడ్చేశాను. మొదట్లో గ్లిసరాల్ వేసి దాచిన డీహెచ్5-ఆల్ఫా (రెక్-ఏ పనిచేయని ఈ-కోలై రకం) ట్యూబ్ ఒకటి అడుగున దొరికింది, అందులోది కోస్తే సరిగ్గా 3.4. ఇప్పుడు ట్యాగ్ చివరికి మార్చే పనిలో ఉన్నాను.

ఫెర్మెంటర్_బాబాయ్
ఏడవాల్సిన పనిలేదు తల్లీ, దొరికింది కదా. ఇకమీదట ప్రతిసారీ ఆ ట్యూబ్ నుంచి తీసిన ప్లాస్మిడ్‌ని కొత్తగా బీఎల్21లో వేసి, మర్నాడే వాడు. రెక్-ఏ లేని బీఎల్ఆర్ రకం దొరికితే ఇంకా మంచిది. ఐపీటీజీ తగ్గించు. ఉష్ణోగ్రత 37 నుంచి 20కి దించి రాత్రంతా వదిలెయ్. నిదానంగా చేస్తే గ్లైసీన్ అందుతుంది. మీడియాలో కొంచెం గ్లైసీన్ కలుపు. కొంచెమే. ఎక్కువైతే బ్యాక్టీరియా గోడ బలహీనపడి పగిలిపోతుంది.

బెంజిసర్కిల్_బాలు
మే నెలలో గుంటూరులో 20 డిగ్రీలా! బ్యాక్టీరియా అయినా అదృష్టం పెట్టి పుట్టాలి.

గూడు_అల్లేది
నిజంగానే కరెంటు పోతే షేకర్ 34కి ఎక్కేస్తోంది. ఇన్వర్టర్ మీద పెట్టడానికి అటెండర్ అన్న ఒప్పుకున్నాడు, రాత్రి రెండింటికి ఒకసారి వచ్చి చూస్తానన్నాడు.

ప్రోటీన్_పద్మజ
కణాలు పగలగొట్టాక 75, 80 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి చూడు. ఈ ప్రోటీన్లు సాధారణంగా వేడికి తట్టుకుంటాయి, బ్యాక్టీరియా సొంత ప్రోటీన్లు చాలావరకు పాలు విరిగినట్టు విరిగి అడుగుకి పోతాయి. మొదట ఒక మిల్లీలీటరుతో చూసుకో. జెల్ మీద 100కి కొంచెం అటూ ఇటూ వచ్చినా కంగారు పడకు, ఈ ప్రోటీన్లు సైజుకి తగ్గట్టు నడవవు.

*(పద్దెనిమిది రోజుల తర్వాత)*

గూడు_అల్లేది
వచ్చింది.

సిల్వర్ స్టెయిన్ మీద ఒకటే గీత, 110 దగ్గర. బ్లాట్‌లో కూడా అదే. మెట్లు లేవు, కింద చిన్న మసక తప్ప. వేడి చేశాక ట్యూబ్‌లో తెల్లగా విరిగింది, పైన తేటగా నిలిచిన ద్రవంలో ప్రోటీన్ ఉంది. అయిదు లీటర్ల కల్చర్‌కి, ఎండబెట్టాక, ట్యూబ్ అడుగున దూదిపింజలా కొంచెం. తూస్తే 38 మిల్లీగ్రాములు.

గైడ్ గారు చాలాసేపు జెల్ చూసి, "నేనే తొందరపడ్డానమ్మా" అన్నారు. తర్వాత ఆయనే దగ్గరుండి ఫ్యూమ్ హుడ్‌లో, రెండు జతల గ్లోవ్స్ వేయించి, హెచ్ఎఫ్ఐపీ అనే ద్రావకంలో కరిగించారు. తేనెంత చిక్కగా అయింది. గాజు పలక మీద ఒక చుక్క. సూది మొన ఆనించి పైకి లాగాను. మొదటి నాలుగుసార్లు జారిపోయింది. అయిదోసారి సూదితోపాటు లేచింది. కంటికి కనపడలేదు, వెనక నల్ల కాగితం పెడితే మెరిసింది. జానెడు కూడా లేదు, 9 సెంటీమీటర్లు. ఫ్యాన్ ఆపమని అరిచేలోపు తెగింది.

కుట్లు_డాక్టర్
9 సెంటీమీటర్లు! ఆ గొర్రె నరం 6.

చంద్రిక_పురుగు
చెల్లెమ్మా, పురుగే గొప్ప అన్న మాట మీద నేనింకా ఉన్నాను. కానీ ఇది చదివి మా ఇంట్లో అందరికీ వినిపించాను.

బ్రాడీపేట_కెమిస్ట్రీ
తరువాతి దారాన్ని మిథనాల్‌లో ముంచి, తడిగా ఉండగానే ఇంకా సాగదియ్యి. అలనీన్ ముక్కలు అప్పుడు సర్దుకుంటాయి. కొరియా వాళ్ళు వడికింది కూడా మిథనాల్ తొట్టిలోకే, వాళ్ళకి 508 మెగాపాస్కల్ వచ్చింది. ఇలాగే ఆపేస్తే నీది పెళుసుగా మిగులుతుంది.

ప్రోటీన్_పద్మజ
థీసిస్‌లో ఆ 2 కిలోబేస్‌ల జెల్ ఫోటో కూడా పెట్టు. నీ తర్వాత చేసేవాళ్ళకి మూడు నెలలు మిగులుతాయి.

మగ్గం_గుంట
తెగిన పోగు పారేశావా అమ్మా?

గూడు_అల్లేది
లేదు బాబాయ్ గారూ. రెండు ముక్కలూ నల్ల అట్టకి టేపుతో అంటించి డబ్బాలో పెట్టాను.

మగ్గం_గుంట
మంచి పని చేశావు. భూతద్దం కింద తెగిన కొస చూడు. కత్తిరించినట్టు తిన్నగా ఉంటే పోగు పెళుసు, మాస్టారు చెప్పిన సాగదీత చాల్లేదన్నమాట. పీచు లేచి, సన్నబడి తెగి ఉంటే సాగి తెగింది. మేం పోగు మంచిచెడ్డలు అలాగే చూస్తాం.

ఆదివారం వీలైతే రా. పాత బస్టాండు దగ్గర దిగి మగ్గాల వీధి అంటే ఎవరైనా చెప్తారు. మీ గైడ్ గారిని కూడా తీసుకురా.

గూడు_అల్లేది
ఇప్పుడే మైక్రోస్కోపు కింద చూశాను. ఒక కొస తిన్నగా ఉంది. రెండోది చివర సన్నబడి, పీచులా లేచి ఉంది. ఒకే దారం రెండు కొసలు ఇలా ఎందుకున్నాయో తెలియట్లేదు. ఆదివారం పది గంటలకి వస్తాము, డబ్బా తెస్తాను.